ఈసీ క్లీన్‌గా ఉంది, సెర్సాయ్‌లో మాత్రం లోను కనిపిస్తోంది. ఏది నమ్మాలి?

కొత్తిల్లు_వేట
కూకట్‌పల్లిలో రీసేల్ ఫ్లాటు. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే బిల్డరు నుంచి ఇప్పటి ఓనరుకు రాసిన సేల్‌డీడ్ ఒక్కటే ఉంది. సెర్సాయ్‌లో (బ్యాంకులు తమ తనఖాలు ఎక్కించే కేంద్ర రిజిస్ట్రీ) ఆస్తి వివరాలు పెట్టి వెతికితే రికార్డులేమీ లేవని వచ్చింది. సరే అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటే, ఓనరు పాన్ నంబరుతో ఇంకోసారి వెతకమన్నారు లాయరు. వెతికితే 2013 నాటి తనఖా ఒకటి బయటపడింది, ఇంకా మూసినట్టు లేదు. 2019లోనే తీర్చేశానంటూ ఓనరు బ్యాంకు ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదన్న పత్రం) చూపిస్తున్నారు. ఒకే సైటు, ఒకే ఫ్లాటు. ఒకవైపు లేదంటుంది, ఇంకోవైపు ఉందంటుంది. డబ్బు కట్టించుకుని ఇచ్చే రిపోర్టు ఇలాగేనా ఉండేది?

సమోసా_శాస్త్రి
10 రూపాయల ఫీజు, 18 శాతం జీఎస్టీ కలిపి 11 రూపాయల 80 పైసలు. ఆ డబ్బుకు మా వీధిలో సమోసా కూడా రాదు, నీకు ఓనరు పాత లోను దొరికింది. ఇంకేం కావాలి?

పాత_లోన్‌డెస్క్
సైటు రెండు మాటలు మాట్లాడట్లేదు. మీరు కొట్టిన అక్షరాలూ, అప్పుడు బ్రాంచిలో గుమస్తా కొట్టిన అక్షరాలూ కలవలేదు, అంతే. అది ప్రభుత్వం కొలిచి రాసిన భూమి రికార్డు కాదు. లోను ఇచ్చిన సంస్థ తనంతట తాను నింపిన ఫారం. సేల్‌డీడ్ షెడ్యూలు చూసి నింపారో, లోను అప్లికేషన్ మీది చిరునామా చూసి నింపారో చెప్పలేం.

పైగా మీది 2013 రికార్డు. 2014 జూన్ 2 ముందు కూకట్‌పల్లి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. 2016 అక్టోబరు 11 ముందు రంగారెడ్డి జిల్లాలో ఉంది, ఇప్పుడు మేడ్చల్-మల్కాజ్‌గిరి. ఉత్తరాల చిరునామాలో హైదరాబాద్ అని ఉంటుంది కాబట్టి జిల్లా గడిలోనూ అదే కొట్టేసేవాళ్లు. అంటే రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు. పిన్‌కోడ్ 500072 కావచ్చు, జేఎన్‌టీయూ వైపైతే 500085 కావచ్చు. మీరు తెలంగాణ, మేడ్చల్ అని ఒక్కసారి వెతికి వదిలేసి ఉంటారు.

ఇక నంబర్లు. ఫ్లాటు 302ని 302 అనీ, ఎఫ్-302 అనీ, 302 పక్కన బ్లాకు పేరు కలిపీ రాస్తారు. కేపీహెచ్‌బీలో హౌసింగ్ బోర్డు వాళ్ల ఎంఐజీ, ఎల్‌ఐజీ నంబరు ఒక గడిలో, మున్సిపల్ డోరు నంబరు ఇంకో గడిలో ఉండాలి. రెండూ ఒకే గడిలో ఇరికించినవీ ఉంటాయి. సర్వే నంబరైతే చెప్పక్కర్లేదు: 145/ఆ, 145/ఏఏ, 145ఏఏ, 145 పార్ట్. నాలుగూ ఒకే నేల.

మల్కాజ్‌గిరి_మల్లన్న
గందుకే ఆస్తి పేరు మీద ఒక్కపారి చూసి ఏం లేదని చెప్తె నమ్మకుండ్రి. మనిషి పేరు మీద చూడాలె, అంతకన్న పాన్ మీద చూడాలె.

కొత్తిల్లు_వేట
@పాత_లోన్‌డెస్క్ నిజమే. రిపోర్టు మళ్లీ తెరిచి చూశా. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, జిల్లా హైదరాబాద్ అని ఉంది. సర్వే నంబరు గడి ఖాళీ. బిల్డింగ్ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మరి ఈసీలో ఎందుకు రాలేదు? తనఖా అంటే రిజిస్టర్ కావాలి కదా?

నల్లకోటు
అక్కర్లేదు, అసలు చిక్కంతా అక్కడే. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 58(ఎఫ్) ప్రకారం ఒరిజినల్ దస్తావేజులు తెచ్చి బ్యాంకులో అప్పగిస్తే చాలు, తనఖా అయిపోతుంది. కాగితం రాయాల్సిన పని కూడా లేదు. ఆ అప్పగింత మీద మెమొరాండం రాసి రిజిస్టర్ చేయిస్తేనే ఈసీలోకి ఎక్కుతుంది. చేయించకపోతే సబ్‌రిజిస్ట్రార్‌కు ఆ సంగతే తెలియదు. ఒకే ఇంటికి రెండు మూడు సెట్ల దొంగ దస్తావేజులు సృష్టించి నాలుగు బ్యాంకుల్లో లోన్లు లాగడం ఈ సందులోంచే జరిగేది. ఆ సందు మూయడానికే సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండా బ్యాంకు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద సెర్సాయ్ పెట్టారు, 2011 మార్చి 31 నుంచి నడుస్తోంది. అంతకు ముందు ఇచ్చిన లోన్లు అందులో ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఈసీ_ఎక్స్‌ప్రెస్
దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ఈసీలో తనఖా ఉంటుంది, సెర్సాయ్‌లో ఉండదు. బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. 2012 నాటి జీవో 168 చూడండి. మామూలుగా కింది అంతస్తు, మొదటి అంతస్తు, రెండో అంతస్తుల్లో ఏవో కొన్ని ఫ్లాట్లు. లేఅవుట్లలో 15 శాతం ప్లాట్లు. అది అప్పు కాదు, ప్లాను దాటకుండా కడతారని హామీ. ఓసీ (కట్టాక ఉండటానికి మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి) వచ్చాక బిల్డరు రిలీజ్ చేయించుకోవాలి. కొందరు చేయించకుండానే ఆ ఫ్లాట్లూ అమ్మేస్తారు. మొదటి అంతస్తు ఫ్లాటు కొత్తది తక్కువ ధరకు వస్తోందంటే ఈసీలో కమిషనర్ పేరు మీద ఏమన్నా ఉందేమో ముందు చూడండి. సెర్సాయ్‌లో వంద సార్లు వెతికినా అది దొరకదు.

గోదారి_గట్టు
పొలానికి కూడా సెర్సాయ్ పనికొస్తుందా? అమలాపురం దగ్గర ఎకరన్నర చూస్తున్నాం, జిల్లా కూడా మారింది.

నల్లకోటు
@గోదారి_గట్టు సాగుభూమి మీద తనఖాకు సర్ఫేసీ వర్తించదు, సెక్షన్ 31(ఐ). కాబట్టి అక్కడ ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. ఏపీలో భూమి రికార్డుల సైటు మీభూమిలో 1బీ, అడంగల్ చూడండి, బ్యాంకులు వెబ్‌ల్యాండ్‌లో లోన్ ఛార్జ్ ఎక్కిస్తాయి. ఈసీ వేరే తీయాలి. పాస్‌బుక్ ఒరిజినల్ ఎవరి దగ్గరుందో అడగండి. ఊళ్లో సొసైటీలో బాకీ ఉందా అన్నది సొసైటీకే వెళ్లి కనుక్కోవాలి. తెలంగాణ వాళ్లు సాగుభూమికి ధరణి బదులు వచ్చిన భూభారతిలో చూడాలి.

జిల్లా సంగతంటారా, 2022 ఏప్రిల్ 4 ముందు మీది తూర్పుగోదావరి, ఇప్పుడు కోనసీమ. ఏ పాత రికార్డు వెతికినా రెండు పేర్లతోనూ చూడండి.

సమోసా_శాస్త్రి
ముందు జిల్లా మారింది, తర్వాత పిన్‌కోడ్ మారింది, ఆ తర్వాత ఓనరు మారాడు. బాకీ మాత్రం కదల్లేదు.

పాత_లోన్‌డెస్క్
వెతికే పద్ధతి ఒకసారి సరిగా రాస్తా, ఎందుకంటే చాలామంది మొదటి తెరమీదే ఆగిపోతున్నారు.

సైటులో పబ్లిక్ సెర్చ్ కింద మూడు దారులున్నాయి: ఆస్తిని బట్టి, బాకీదారును బట్టి, ఏఓఆర్‌ను బట్టి. ఫ్లాటు కొనేవాళ్లకు మొదటి రెండూ కావాలి. నేనైతే బాకీదారుతోనే మొదలుపెడతా. వ్యక్తి అయితే పాన్. 50 లక్షలు, ఆపైన కొనుగోలుకు 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి, దానికి ఎలాగూ అమ్మేవాళ్ల పాన్ కావాలి, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. సేల్‌డీడ్‌లో ఇద్దరు ఓనర్లుంటే ఇద్దరివీ. భర్త పేరున లోను, భార్య పేరున ఫ్లాటు అయితే భర్త పాన్ కూడా. ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

పాత రికార్డుల్లో పాన్ గడి ఖాళీగా ఉన్నవీ ఉంటాయి. అందుకని తర్వాత పేరుతో. మన పేర్లతో వచ్చే తంటా తెలిసిందే. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా ఒక్క అక్షరమా. లక్ష్మి అన్నది ఇంగ్లీషులో ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తే ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. చౌదరికి లెక్కే లేదు. సేల్‌డీడ్‌లో ఉన్నట్టు ఒకసారి, పాన్ కార్డులో ఉన్నట్టు ఒకసారి వెతకండి.

ఆ తర్వాతే ఆస్తి. ఇక్కడ గడులన్నీ నింపడమే తప్పు. ఎన్ని ఎక్కువ నింపితే అంత తక్కువ దొరుకుతుంది. తప్పనిసరి గడులు నింపి, ఫ్లాటు నంబరు ఒక్కటి పెట్టి చూడండి. తర్వాత అది తీసేసి సర్వే నంబరు ఒక్కటి. ప్రతి వెతుకులాటకూ ఫీజు కట్టాల్సిందే, రికార్డు వచ్చినా రాకపోయినా. వచ్చిన రిపోర్టు అప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోండి, ఏ తేదీన ఏమని వెతికారో దానిమీదే ఉంటుంది.

లింక్‌డాక్యుమెంట్
ఏఓఆర్ అంటే ఏంటి?

పద్మ_సీఎస్
వ్యాపారికి రావాల్సిన బిల్లుల డబ్బును ఫ్యాక్టరింగ్ కంపెనీకి రాసిచ్చేయడం. ఇల్లు కొనేవాళ్లకు అక్కర్లేదు. నడుస్తున్న వ్యాపారం కొంటుంటే మాత్రం అదీ వెతకాలి, రావాల్సిన బాకీలు తనవేనని అమ్మేవాడు చూపించినవి అప్పటికే ఇంకొకరివి అయ్యుండొచ్చు.

అమ్మేది కంపెనీ అయితే సెర్సాయ్ ఒక్కటీ చాలదు. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైటులో ఇండెక్స్ ఆఫ్ ఛార్జెస్, అంటే కంపెనీ తనఖాల జాబితా, ఉచితంగా కనిపిస్తుంది, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ నంబరు) కొడితే చాలు. తనఖా పెట్టిన 30 రోజుల్లో సీహెచ్‌జీ-1 ఫారం వేయాలి, తీరాక సీహెచ్‌జీ-4. తీరిన తేదీ గడి ఖాళీగా ఉంటే ఛార్జ్ బతికే ఉన్నట్టు. వంద రూపాయలు కట్టి పబ్లిక్ డాక్యుమెంట్లు తెరిస్తే తనఖా పత్రమే చదవొచ్చు, ఏ సర్వే నంబర్లు పెట్టారో అందులో ఉంటుంది. ఎంసీఏలో ఛార్జ్ ఐడీ వేరు, సెర్సాయ్‌లో ఎస్‌ఐ ఐడీ (ఆ తనఖా రికార్డు నంబరు) వేరు. ఒకచోట మూసినంత మాత్రాన రెండోచోట దానంతట అది మూసుకోదు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ అయితే ఎంసీఏలో ఏమీ ఉండదు. ఫర్మ్ పాన్‌తో, భాగస్తుల పాన్లతో సెర్సాయ్‌లో చూడాలి.

ఈసీ_ఎక్స్‌ప్రెస్
కొత్త ప్రాజెక్టుల్లో కొనేవాళ్లు @పద్మ_సీఎస్ రాసింది రెండుసార్లు చదవండి. బిల్డరు ప్రాజెక్టు లోనుకు మొత్తం స్థలం బ్యాంకులో పెట్టి ఉంటాడు, మీ ఫ్లాటు నంబరుతో వెతికితే ఏం వస్తుంది? బిల్డరు కంపెనీ పేరుతో వెతకాలి. స్థలం ఇచ్చిన ఓనరు పేరుతోనూ వెతకాలి. రికార్డు ఉంటే భయపడక్కర్లేదు, ఆ బ్యాంకు నుంచి మీ ఫ్లాటు నంబరు వేసి ఎన్‌ఓసీ ఇప్పించమనండి. ప్రాజెక్టు మొత్తానికి కలిపి ఇచ్చిన ఉత్తరం పనికిరాదు.

మల్కాజ్‌గిరి_మల్లన్న
@కొత్తిల్లు_వేట గింత పరేషాన్ ఎందుకు? 2019ల లోన్ కట్టిండు, ఎన్‌ఓసీ ఉంది, ఒరిజినల్స్ ఆయన చేతుల ఉన్నయి. సెర్సాయ్‌ల మూసుడు బ్యాంకోళ్లు మర్చిపోయిండ్రు. కొనేసుడే.

పాత_లోన్‌డెస్క్
@మల్కాజ్‌గిరి_మల్లన్న నగదుతో కొంటే మీ మాట కొంతవరకు నడుస్తుంది. లోను తీసుకుని కొంటే నడవదు. కొత్త బ్యాంకు సాంక్షన్ ముందు సెర్సాయ్ చూస్తుంది. పాత తనఖా తెరిచి ఉందంటే ఫైలు లీగల్ దగ్గరే ఆగుతుంది. పైగా ఆ ఎన్‌ఓసీ ఏ లోను నంబరుదో చూడాలి. ఒకే తనఖా మీద ఇంటి లోను, ఆపైన టాప్‌అప్ (అదే ఇంటి మీద అదనపు లోను) ఉంటాయి. ఇంటి లోను తీరిందని ఎన్‌ఓసీ ఇచ్చి, టాప్‌అప్ నడుస్తుండొచ్చు.

నల్లకోటు
ఎన్‌ఓసీ నిజమైనదేనని బ్యాంకును అడిగారా? లెటర్‌హెడ్ ప్రింటు కొట్టడం ఎంతసేపు?

కొత్తిల్లు_వేట
ఎన్‌ఓసీ మీద ఉన్న లోను నంబరు ఒకటే. టాప్‌అప్ సంగతి అడుగుతా. ఇంకో మాట, తీర్చిన 30 రోజుల్లో మూయకపోతే బ్యాంకు రోజుకు 5,000 ఇవ్వాలని ఎక్కడో చదివా. 2019 నుంచి లెక్కేస్తే ఓనరుకు ఫ్లాటు ధర కన్నా ఎక్కువొస్తుంది!

సమోసా_శాస్త్రి
అయితే ఫ్లాటు అమ్మడెందుకు, రికార్డు అలాగే తెరిచి ఉంచమనండి.

నల్లకోటు
రాదు. అది 2023 సెప్టెంబరు 13 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. 2023 డిసెంబరు 1 నుంచి దస్తావేజులు తిరిగివ్వాల్సి వచ్చే లోన్లకే వర్తిస్తుంది. 2019లో తీరినదానికి ఆ 5,000 లెక్క లేదు. కొత్తగా తీర్చేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి: 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వడం, రిజిస్ట్రీల్లో ఛార్జ్ తీయడం రెండూ చేయాలి. కాగితాలు పోగొడితే ఇంకో 30 రోజులు గడువుంటుంది, ఆ తర్వాత రోజులు లెక్కే.

మీ ఓనరుకు వేరే దారి ఉంది, బ్రాంచివాళ్లు చెప్పరు. సర్ఫేసీ సెక్షన్ 25 ప్రకారం తీరిన 30 రోజుల్లో రిజిస్ట్రీకి చెప్పాల్సిన బాధ్యత బ్యాంకుది. చెప్పకపోతే బాకీదారే నేరుగా సెంట్రల్ రిజిస్ట్రార్‌కు తెలియజేయొచ్చు. రిజిస్ట్రార్ బ్యాంకుకు నోటీసు ఇస్తారు, 14 రోజులకు మించని గడువులో ఎందుకు మూయకూడదో చెప్పమని. జవాబు లేకపోతే మూసినట్టు రాసేస్తారు. కానీ ముందు బ్యాంకుకే రాయించండి, మూయడానికి బ్యాంకుకు ఫీజు కూడా లేదు. ఉత్తరంలో ఎస్‌ఐ ఐడీ, అసెట్ ఐడీ, లోను నంబరు, తీర్చిన తేదీ, ఎన్‌ఓసీ కాపీ పెట్టాలి. ఎస్‌ఐ ఐడీ లేకుండా రాస్తే "మా దగ్గర లోను క్లోజ్ అయింది" అన్న జవాబే తిరుగు టపాలో వస్తుంది. నెలలో కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పోర్టల్. ఇవన్నీ ఓనరు చేయాలి, కొనేవాళ్లు రాస్తే ఎవరూ పట్టించుకోరు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, మోటళ్లు కొనే మనవాళ్లకూ ఇదే పాట, అప్పిచ్చినవాడు వ్యాపారం ఆస్తుల మీద వేసే ఫైలింగ్‌ను యూసీసీ-1 అంటారు. ఇంకా తేడా ఏంటంటే దుకాణం ఉన్న రాష్ట్రంలో కాదు, అమ్మే ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) ఏ రాష్ట్రంలో పుట్టిందో అక్కడ వెతకాలి. దుకాణం టెక్సస్, ఎల్‌ఎల్‌సీ డెలావేర్ అయితే డెలావేర్‌లో. అక్కడ ఎవరికి వాళ్లు ఆన్‌లైన్‌లో చూసుకోవడం కుదరదు, ఆథరైజ్డ్ సెర్చర్ ద్వారా తీయించాలి. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఉచితంగానే చూడొచ్చు.

పేరులో అక్షరం తేడా వచ్చిందంటే అప్పిచ్చినవాడికే నష్టం. రాష్ట్రం సెర్చ్ పద్ధతిలో సరైన పేరు కొడితే ఆ ఫైలింగ్ రాకపోతే అది చెల్లదు. వ్యక్తి అయితే చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. మన పొడుగు పేర్లను లైసెన్సులిచ్చే డీఎంవీ వాళ్లు ఎక్కడ విరిచారో చూసుకుని వెతకండి. ఫైలింగ్ 5 ఏళ్లకు కాలం చెల్లుతుంది, చివరి 6 నెలల్లో కంటిన్యుయేషన్ వేస్తే ఇంకో 5 ఏళ్లు. తేదీ చూసి పాతది కదా అని వదిలేయకండి, కంటిన్యుయేషన్ ఉందేమో చూడండి.

పాత_లోన్‌డెస్క్
@డల్లాస్_బాబాయ్ ఇక్కడ తిరకాసు అదే. సెర్సాయ్ రికార్డుకు 5 ఏళ్లకు చెల్లిపోయే కాలమంటూ లేదు, ఎవరో ఒకరు మూసేదాకా ఉంటుంది. బాకీదారు పేరు బ్యాంకు తప్పుగా కొట్టినా ఇక్కడ తనఖా పోదు.

లింక్‌డాక్యుమెంట్
రిజిస్టర్ చేయకపోతే బ్యాంకు ఆస్తిని వేలం వేయలేదని విన్నాను. అంటే సెర్సాయ్‌లో లేకపోతే మనం క్షేమమేగా?

నల్లకోటు
సగమే విన్నారు. 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన సర్ఫేసీ సెక్షన్ 26డి ప్రకారం రికార్డు లేని బ్యాంకు సర్ఫేసీ దారిలో వెళ్లలేదు. తనఖా మాత్రం రద్దు కాదు. డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) వెళ్లొచ్చు, సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. మీరు కొన్న ఇంటి మీద కేసు పడితే ఏ దారిలో పడిందన్నది మీకు పెద్ద ఓదార్పు కాదు.

అసలు అందులో ఉండనివి కూడా చూసుకోండి. బంగారం తాకట్టు లాంటి ప్లెడ్జ్‌లు చట్టం బయటే. చిన్న ఫైనాన్స్ కంపెనీలు ఎక్కించకపోవచ్చు. కనీసం 100 కోట్ల ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలకు), అదీ 20 లక్షలు, ఆపైన లోన్లకే సర్ఫేసీ అధికారం ఉంది, మిగతావాళ్లకు ఎక్కించాలన్న తొందర లేదు. వీధి ఫైనాన్సు దగ్గర ఒరిజినల్స్ పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో ఉండదు, సెర్సాయ్‌లో ఉండదు. చిట్టీ పాడుకుని ఇల్లు ష్యూరిటీ రాసిస్తే, రిజిస్టర్ చేసి ఉంటే ఈసీలో దొరుకుతుంది.

మల్కాజ్‌గిరి_మల్లన్న
గందుకే నేను ముందుగాల్నే ఒరిజినల్స్ ముచ్చట తీసిన.

నల్లకోటు
ఆ మాటలో మల్లన్నతో పేచీ లేదు. కలర్ జిరాక్సు కాదు, ఒరిజినల్ సేల్‌డీడ్, లింకు డాక్యుమెంట్లు పగటి వెలుగులో చూడండి. వేలిముద్రల పేజీ, సబ్‌రిజిస్ట్రార్ సీళ్లు, స్టాంపు కాగితం వెనకవైపు తిప్పి చూడండి. "ఒరిజినల్ పోయింది, పోలీసు కంప్లయింటు ఇచ్చాం, సర్టిఫైడ్ కాపీ ఉంది" అన్నారంటే అక్కడ ఆగి, పాన్‌తో, పేరుతో అన్ని రకాలుగా వెతికి, పేపరులో పబ్లిక్ నోటీసు వేయించాకే ముందుకు వెళ్లాలి.

గోదారి_గట్టు
రిజిస్ట్రేషన్ రోజు పొద్దున వెతికితే ఏమీ లేదు, నిన్న లోను తీసుకున్నాడనుకోండి, అప్పుడు?

పాత_లోన్‌డెస్క్
కనపడదు. బ్యాంకు దాన్ని ఎక్కించడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. అగ్రిమెంటు ముందు ఒకసారి, రిజిస్ట్రేషన్ ముందు రోజు ఒకసారి వెతికితే ఆ సందు చిన్నదవుతుంది, పూర్తిగా మూసుకోదు. అది మూసేది ఒరిజినల్సే. నిన్న లోను తీసుకున్నవాడి చేతిలో ఇవాళ ఒరిజినల్స్ ఉండవు. అగ్రిమెంటు రోజే వాటిని లాయరు దగ్గర పెట్టించి రసీదు రాసుకోవచ్చు.

కొత్తిల్లు_వేట
ఓనరు బ్యాంకు లోన్ హబ్‌కు ఎస్‌ఐ ఐడీతో మెయిల్ పెట్టారు. టాప్‌అప్ లేదని రాతపూర్వకంగా ఇచ్చారు, రికార్డు మూయడానికి పది పనిదినాలు అడిగారు. రికార్డు మూసినట్టు కనిపించాకే అగ్రిమెంటు అని మాట్లాడుకున్నాం, ఈలోపు టోకెన్ మాత్రం. ఇప్పటికి ఐదుసార్లు వెతికా, 59 రూపాయలు.

పాత_లోన్‌డెస్క్
పది రోజులయ్యాక పాన్‌తో వెతకండి, ఆస్తితో కాదు. బిల్డింగ్ పేరులో ఎగిరిపోయిన అక్షరం అలాగే ఉంటుంది.

సమోసా_శాస్త్రి
ఆరోసారికి 70 రూపాయల 80 పైసలు. చిల్లర నా వాటా.